ఇంటిపేరు కోసం ఒక యుద్ధం: ‘పుష్ప 2: ది రూల్’ చిత్రంపై విమర్శకుల, ప్రేక్షకుల స్పందనలు – పరిశీలన

వ్యాససంగ్రహం

2024 డిసెంబరు 5న విడుదలైన ‘పుష్ప 2: ది రూల్’ చిత్రానికి సమీక్షకుల నుంచి మిశ్రమ స్పందన లభించగా, ప్రేక్షకుల నుంచి అసాధారణమైన ఆదరణ దక్కింది. ఈ అంతరాన్ని అభిరుచి భేదంగానో, ప్రచారబలంగానో వివరించడం పరిపాటి. చిత్రంలో ఒక స్మగ్లరు సాహసగాథ, ఒక కుటుంబగాథ కలిసి ఉన్నాయని, సమీక్ష మొదటిదాన్ని కొలమానంగా తీసుకుంటే ప్రేక్షకులు రెండవదాన్ని హృదయానికి హత్తుకున్నారని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. తొలిభాగంలో ఇంటిపేరు అవసరం లేదని నిలబడిన కథానాయకుడు రెండవభాగంలో ఆ ఇంటిపేరు దక్కినందుకు కన్నీరు పెట్టుకోవడం ఈ రెండు చిత్రాల మధ్య జరిగిన కీలకమైన మార్పు. ఈ మార్పుపై జరగవలసినంత చర్చ జరగలేదని నిరూపించడం వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: కొనసాగింపు చిత్రం, ప్రేక్షక స్పందన, సమీక్ష, ఇంటిపేరు, గంగమ్మ జాతర, కుటుంబకథ, ఎర్రచందనం.

1. ఉపోద్ఘాతం

ఒక చిత్రానికి కొనసాగింపుగా వచ్చే చిత్రాన్ని ప్రేక్షకుడు ఖాళీ మనసుతో చూడడు. తొలిభాగం అతనిలో కొన్ని ఆశలను, కొన్ని ప్రశ్నలను, కొన్ని మాటలను మిగిల్చి ఉంటుంది. పాఠకుడు ప్రతి కొత్త రచననూ తనకు అంతకుముందే ఏర్పడిన ఎదురుచూపుల పరిధిలోనే అందుకుంటాడని జర్మన్ సాహిత్య సిద్ధాంతకారుడు హాన్స్ రాబర్ట్ యాస్ ప్రతిపాదించాడు. ఈ ప్రతిపాదన కొనసాగింపు చిత్రాలకు మరింత స్పష్టంగా వర్తిస్తుంది. ఇక్కడ ఎదురుచూపు అస్పష్టమైన అభిరుచి కాదు. ఒక నిర్దిష్టమైన కథ, ఒక నిర్దిష్టమైన పాత్ర, తీరని ఒక నిర్దిష్టమైన అవమానం దానికి ఆధారం.

సుకుమార్ దర్శకత్వంలో అల్లు అర్జున్ కథానాయకుడిగా వచ్చిన ‘పుష్ప: ది రైజ్’ 2021 డిసెంబరు 17న విడుదలైంది. దాని హిందీ అనువాదం ఒక్కటే 100 కోట్ల రూపాయల నికర వసూళ్లను దాటింది. ఈ పాత్రపోషణకే 69వ జాతీయ చలనచిత్ర పురస్కారాలలో అల్లు అర్జున్ ఉత్తమ నటుడిగా ఎంపికయ్యారు. ఆ పురస్కారం పొందిన తొలి తెలుగు నటుడు ఆయనే. ఈ నేపథ్యంలో మూడేళ్ల తరువాత వచ్చిన రెండవభాగానికి వచ్చిన స్పందనలను, ఆ స్పందనల వెనుక పనిచేసిన కొలమానాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

2. తొలిభాగం మిగిల్చిన ప్రశ్న

శేషాచలం అడవుల్లో ఎర్రచందనం నరికే కూలీగా మొదలైన పుష్పరాజ్ ముఠా నాయకుడిగా ఎదగడం తొలిభాగపు కథ. ఆ ఎదుగుదలకు సమాంతరంగా మరొక కథ నడుస్తుంది. అతడు మొల్లేటి వంశానికి చెందిన వ్యక్తికి, పెళ్లి బంధం లేని స్త్రీకి పుట్టినవాడు. బాల్యంలో బడిలో ఇంటిపేరు చెప్పుకునే హక్కును సవతి అన్న అతనికి దక్కనివ్వడు. పెద్దయ్యాక నిశ్చితార్థం నాడు అదే అన్న వచ్చి పదిమందిలో అతని పుట్టుకను బయటపెట్టి వేడుకను చెడగొడతాడు. చివరి అంకంలో షెకావత్ అనే పోలీసు అధికారి అతణ్ణి గాయపరచడానికి ఎంచుకున్న ఆయుధం కూడా ఇదే. ఇంటిపేరు లేనివాడంటే బ్రాండ్ లేని సరుకని అతని లెక్క.

దీనికి తొలిభాగం ఇచ్చిన సమాధానం సూటిగా ఉంది. యూనిఫాం తీసివేస్తే అధికారికి విలువ లేదని, తనకు మాత్రం తానే ముద్ర అని పుష్ప నిరూపిస్తాడు. అంటే గుర్తింపు వంశం నుంచి రానవసరం లేదు, శ్రమ నుంచీ తెగింపు నుంచీ కూడా వస్తుందన్నది ఆ చిత్రం చేసిన ప్రకటన. చిత్తూరు ప్రాంతపు మాండలికం, పైకెత్తిన భుజం, గడ్డం కింద చేయి దువ్వడం వంటివన్నీ ఈ ప్రకటనకు శరీరాన్నిచ్చిన అంశాలు. దేశమంతా అనుకరించినది ఈ శరీరభాషనే. తగ్గేది లేదన్న ఆ పాత్ర ధోరణిలో ప్రేక్షకులు విన్నది పుట్టుక కారణంగా తల వంచనన్న మాటే.

అయితే చిత్రం ముగిసే నాటికి ఒక ప్రశ్న మిగిలిపోయింది. తనకు తానే ముద్ర అని ప్రకటించినవాడికి ఇంటిపేరు లేదన్న బాధ నిజంగా తీరిందా? రెండవభాగం ఈ ప్రశ్నకే సమాధానం చెప్పవలసి వచ్చింది.

3. సమీక్షల కొలమానాలు

రెండవభాగంపై వచ్చిన సమీక్షలలో పదేపదే కనిపించే అంశాలు నాలుగు. మొదటిది నిడివి. సుమారు 200 నిమిషాల చిత్రంలో ద్వితీయార్ధం కథనవేగం కోల్పోయిందన్న అభిప్రాయం విస్తృతంగా వ్యక్తమైంది. రెండవది ప్రతినాయకుడు. తొలిభాగం చివర ఫహద్ ఫాజిల్ పోషించిన షెకావత్ పాత్ర రేకెత్తించిన భయం రెండవభాగంలో హాస్యానికి దగ్గరైందని, కథానాయకుడికి దీటైన ఎదురు లేకుండా పోయిందని సమీక్షకులు గుర్తించారు. మూడవది కథాసంబంధం. జపాన్ ఓడరేవులో జరిగే ఆరంభ పోరాటానికి తరువాతి కథతో గట్టి ముడి లేదన్నది ఒక ఆక్షేపణ. నాలుగవది ప్రశంస. అల్లు అర్జున్ నటన, జాతర ఘట్టం, శ్రీవల్లిగా రష్మిక మందన్న తన భర్తను అవమానించినవారిని నిలదీసే సన్నివేశం దాదాపు అందరి మెప్పు పొందాయి.

ఈ నాలుగింటిలో మొదటి మూడూ ఒకే ప్రమాణం మీద ఆధారపడినవి. కార్యకారణ సంబంధంతో ముందుకు సాగే, సంఘర్షణ క్రమంగా బలపడే, అనవసరమైనది లేని కథనం ఉత్తమమైనదన్నది ఆ ప్రమాణం. స్మగ్లరు సాహసగాథగా చూసినపుడు ఈ ఆక్షేపణలు సమంజసమైనవే. షెకావత్ బలహీనపడటం నిస్సందేహంగా ఆ కథకు నష్టం కలిగించింది.

కానీ చిత్రంలో చర్యలకు ప్రేరణ ఎక్కడి నుంచి వస్తున్నదో గమనిస్తే మరొక చిత్రం కనిపిస్తుంది. తొలిభాగంలో పుష్ప చేసే ప్రతి సాహసం వెనుక కూలి, వాటా, సరుకు ధర ఉన్నాయి. రెండవభాగంలో ప్రేరణలు ఇంట్లో పుడతాయి. ముఖ్యమంత్రితో ఫోటో దిగమని భార్య కోరుతుంది. స్మగ్లరుతో ఫోటో దిగనని ముఖ్యమంత్రి నిరాకరిస్తాడు. దానితో ముఖ్యమంత్రినే మార్చివేయాలని పుష్ప నిర్ణయించుకుంటాడు. ఆ తరువాత వేల కోట్ల వ్యవహారాలన్నీ ఆ ఫోటో చుట్టూ అల్లుకుంటాయి. ద్వితీయార్ధంలో పోరాటాలకు కారణం సవతి అన్న కూతురు కావేరికి ఎదురైన వేధింపు, అపహరణ. అంటే చిత్రంలోని రాజకీయం, నేరం, పోరాటం అన్నీ కుటుంబ వ్యవహారానికి అనుబంధాలుగా మారిపోయాయి. సమీక్షలు ‘సాగదీత’గా భావించిన ద్వితీయార్ధమే కుటుంబగాథకు ప్రధాన భాగం.

అలంకారశాస్త్ర పరిభాషలో చెప్పాలంటే తొలిభాగానికి వీరం అంగిరసం, కరుణ అంగం. రెండవభాగంలో ఈ స్థానాలు తారుమారయ్యాయి. వీరం ఎంత అట్టహాసంగా ఉన్నా అది కరుణకు పోషకంగా పనిచేస్తుంది. అంగిరసాన్ని గుర్తించడంలో తేడా వచ్చినపుడు అదే సన్నివేశం ఒకరికి అనవసరంగానూ, మరొకరికి అనివార్యంగానూ కనిపించడం సహజం.

4. ప్రేక్షకుల కొలమానాలు

నిర్మాతల ప్రకటన ప్రకారం ఈ చిత్రం ప్రపంచవ్యాప్తంగా 1,800 కోట్ల రూపాయలకు పైగా వసూలు చేసింది. హిందీ అనువాదం నికర వసూళ్లు 800 కోట్ల రూపాయలను దాటాయి. 2024 నవంబరులో పట్నా గాంధీ మైదానంలో జరిగిన ట్రైలరు విడుదల సభకు వచ్చిన జనసందోహం ఒక తెలుగు చిత్రానికి ఉత్తర భారతంలో ఏర్పడిన స్థానాన్ని ముందుగానే సూచించింది. నిడివి ఎక్కువైందన్న విమర్శ తరువాత కూడా 2025 జనవరి 17న మరో 20 నిమిషాల దృశ్యాలను చేర్చి చిత్రాన్ని మళ్లీ ప్రదర్శించడం గమనించదగినది. సమీక్షకుడు లోపమన్నదాన్నే నిర్మాణసంస్థ ఆకర్షణగా అమ్మగలిగింది.

దీన్ని అర్థం చేసుకోవడానికి తెలుగు ప్రదర్శన సంప్రదాయం ఒక ఆధారం. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల నుంచి పడకసీనును, రాయబారం సీనును విడదీసి ప్రదర్శించడం తెలుగునాట దశాబ్దాలుగా ఉన్నదే. ప్రేక్షకుడికి కథ ముందే తెలుసు. అతడు వచ్చేది తరువాత ఏం జరుగుతుందో తెలుసుకోవడానికి కాదు. తాను ఎరిగిన ఘట్టాన్ని ఈ నటుడు ఎలా నిలబెడతాడో చూడటానికి. నచ్చిన పద్యానికి ‘వన్స్ మోర్’ కొట్టిన శ్రోత కథనవేగాన్ని స్వయంగా ఆపుతున్నాడు, అందుకు అతనికి అభ్యంతరం లేదు. ఘట్టప్రధానమైన ఈ ఆస్వాదన తెలుగు వాణిజ్య చిత్రంలోనూ కొనసాగుతున్నది. ‘పుష్ప 2’ ప్రేక్షకులు గుర్తుపెట్టుకున్నది ఘట్టాలనే: అధికారికి క్షమాపణ చెప్పి వెళ్లినవాడు తిరిగి రావడం, జాతర నృత్యం, కాళ్లూ చేతులూ కట్టివేసిన స్థితిలో నోటితో చేసే పోరాటం, చివర కుటుంబంలో చేరిక.

అయితే ప్రేక్షక స్పందనను వసూళ్లతో మాత్రమే కొలవడం ప్రమాదకరం. తొలి ప్రదర్శనల టికెట్టు ధరల పెంపునకు రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ అనుమతినిచ్చాయి. ఎక్కువ ధర పెట్టిన ప్రేక్షకుడు ఎక్కువ ప్రేమించాడని అర్థం కాదు. 2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాదు ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ లోని సంధ్య థియేటరు వద్ద జరిగిన తొక్కిసలాటలో ఒక మహిళ మరణించారు, ఆమె కుమారుడు తీవ్రంగా గాయపడ్డాడు. తదనంతరం కథానాయకుడి అరెస్టు, అదే రోజు మధ్యంతర బెయిలు, శాసనసభలో చర్చ, ఇకపై బెనిఫిట్ షోలకు అనుమతి ఉండదన్న తెలంగాణ ప్రభుత్వ ప్రకటన వరుసగా జరిగాయి. కుటుంబంతో కలిసి సినిమా చూడటానికి వచ్చిన ఒక తల్లి తిరిగి ఇల్లు చేరలేదు. కుటుంబాన్ని కాపాడటమే ఇతివృత్తమైన చిత్రానికి సంబంధించిన ప్రేక్షక స్పందనల చరిత్రలో ఈ సంఘటనను విడిచి, వసూళ్ల పట్టికను మాత్రమే నమోదు చేయడం అసమగ్రం.

5. జాతర ఘట్టం: రెండు స్పందనలు కలిసిన చోటు

విమర్శకులూ ప్రేక్షకులూ ఏకాభిప్రాయానికి వచ్చిన ఘట్టం గంగమ్మ జాతర. 2023 ఏప్రిల్‌లోనే నీలివర్ణపు ముఖం, చీర, నిమ్మకాయల దండతో వెలువడిన చిత్రపటం ఎదురుచూపును పెంచింది. ఈ ఘట్టం మూలాలు తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో ఉన్నాయి. ఏటా వేసవిలో జరిగే ఈ జాతరలో బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం, సున్నపుకుండల వేషం వంటివి భక్తులు వేస్తారు. పురుషులు మొక్కుగా స్త్రీవేషం ధరించడం దీని ప్రత్యేకత. స్థానిక కథనం ప్రకారం స్త్రీలను చెరపట్టే పాలెగాణ్ణి సంహరించడానికి గంగమ్మ రకరకాల వేషాలతో వెదికి, చివరకు దొర వేషంలో వానిని బయటకు రప్పించి అంతం చేసింది. ఈ జాతరపై జాయిస్ ఫ్లూకిగర్ చేసిన క్షేత్రపరిశోధన 2013లో గ్రంథరూపం పొందింది. స్త్రీశక్తి ముందు పురుషుడు కొన్ని రోజులపాటు తన పురుషత్వాన్ని పక్కన పెట్టడం ఈ వేషధారణలోని అంతరార్థాలలో ఒకటిగా భావించవచ్చు.

చిత్రం ఈ కథనాన్ని అంతర్లీనంగా వాడుకుంది. జాతరలో కావేరిని వేధించినవాడు పాలెగాడి స్థానంలో ఉన్నాడు. చీర కట్టిన పుష్ప గంగమ్మ స్థానంలోకి వచ్చాడు. తనకు ఆడబిడ్డ పుట్టాలని అతడు కోరుకోవడం వెనుక కూడా ఇంటిపేరు వెలితి ఉంది. తనను తిరస్కరించిన ఇంటి ఆడపిల్లనే కాపాడటం ద్వారా అతడు వంశంలోకి వెళ్లే దారి తెరుచుకుంటుంది. నృత్యంలో వీరం, రౌద్రం కంటే నిస్సహాయమైన ఒక వేడుకోలు ఎక్కువగా కనిపించడం వల్లనే ఈ ఘట్టం సమీక్షకుణ్ణి, సామాన్య ప్రేక్షకుణ్ణి సమానంగా కదిలించింది. సాహసగాథ, కుటుంబగాథ చిత్రం మొత్తంలో నిజంగా ఒకటైన చోటు ఇదొక్కటే. అందుకే స్పందనలూ ఇక్కడ ఒకటయ్యాయి.

అయితే ఒక భేదాన్ని గుర్తించాలి. జాతర సంప్రదాయంలో ఆడపిల్లను కాపాడేది దేవత, అంటే స్త్రీ. చిత్రంలో దేవత వేషం వేసిన పినతండ్రి కాపాడతాడు. వేషం స్త్రీది, కార్యం పురుషునిది. జాతర పురుషుణ్ణి స్త్రీత్వం ముందు నిలబెడితే, చిత్రం స్త్రీత్వాన్ని పురుషుని పరాక్రమానికి ఆభరణంగా మార్చింది. శ్రీవల్లి నిలదీసే సన్నివేశానికి లభించిన ప్రశంస ఈ లోటును కొంతవరకు పూరిస్తుంది. అయినా ఆమె వాదన సైతం భర్త గౌరవం కోసం చేసినదే.

6. ఇంటిపేరు: ముద్ర నుంచి ముడుపు దాకా

చిత్రం చివర సవతి అన్న మోహన్ తన తప్పును గ్రహించి పుష్పను, అతని తల్లిని కుటుంబసభ్యులుగా అంగీకరించి కూతురి పెళ్లికి ఆహ్వానిస్తాడు. ఇన్నాళ్లు నిరాకరించిన ఇంటిపేరు దక్కుతుంది. దేశాలను, ప్రభుత్వాలను లెక్కచేయనివాడు ఈ పిలుపు ముందు కన్నీరు పెట్టుకుంటాడు. అనేకమంది ప్రేక్షకులకు చిత్రంలో అత్యంత సంతృప్తినిచ్చిన ముగింపు ఇదే.

తెలుగు సమాజంలో ఇంటిపేరు వ్యక్తి పేరుకు ముందు నిలుస్తుంది. మనిషిని పిలవకముందే ఇంటిని పిలవడం అందులో ఉంది. పెళ్లి సంబంధం మాట్లాడేటపుడు, శుభలేఖ అచ్చు వేసేటపుడు, బడిలో చేరేటపుడు తొలిప్రశ్న ఇంటిపేరే. ఇంటిపేరు లేని కథానాయకుని వేదన తెలుగు ప్రేక్షకునికి వివరణ లేకుండానే అర్థమవుతుంది. ఇంటిపేరును దాటి ఎదిగినవాడు తిరిగి దానికోసమే చేయి చాచడం కూడా అంతే సహజంగా అనిపిస్తుంది. ఈ సహజత్వమే విమర్శ ప్రశ్నించవలసిన అంశం.

తొలిభాగం ప్రకటన ప్రకారం గుర్తింపు సంపాదించుకునేది. రెండవభాగం ముగింపు ప్రకారం గుర్తింపు ఇవ్వబడేది. ఇచ్చే అధికారం తిరస్కరించిన వంశానికే మిగిలింది. దానికి పుష్ప చెల్లించిన ముడుపు కావేరి రక్షణ, తన నెత్తురు. అన్నకు కూతురిపై ప్రాణగండం రాకపోయి ఉంటే ఇంటిపేరు దక్కేదా అన్న ప్రశ్నను చిత్రం వేయదు. మరీ ముఖ్యంగా, అతణ్ణి కని, అవమానాల నడుమ పెంచి, పేరు పెట్టిన తల్లి పార్వతమ్మ పక్షాన ఒక ఇంటిపేరు ఉండవచ్చునన్న ఆలోచనకు చోటే లేదు. పెంచిన తల్లి కంటే తిరస్కరించిన తండ్రి వంశమే చివరకు విలువైనదిగా నిలిచింది.

హిందీ ప్రాంత ప్రేక్షకుల ఆదరణను కూడా ఈ కోణంలో చూడవచ్చు. అక్కడ వ్యక్తి పేరు చివర వచ్చే మాట చాలా సందర్భాలలో కులాన్ని సూచిస్తుంది. తెలుగులో ఇంటిపేరు కులానికి పర్యాయపదం కాదు. ఒకే ఇంటిపేరు వేర్వేరు కులాలలో కనిపించడం తెలుగువారికి తెలిసినదే. కాబట్టి అనువాదంలో ‘ఇంటిపేరు లేనివాడు’ అన్న నిందకు పుట్టుకతో పాటు సామాజిక స్థానానికి సంబంధించిన అర్థం మరింత బలంగా తోడై ఉండే అవకాశం ఉంది. ఆ విధంగా తెలుగు ప్రేక్షకుడు సవతి బిడ్డ కథగా చూసినదాన్ని, అక్కడి ప్రేక్షకుడు సమాజం గుర్తించని మనిషి కథగా చూసి ఉండవచ్చు. ఒకే చిత్రం రెండు భాషలలో రెండు రకాల ఆదరణ పొందడానికి ఇది ఒక కారణంగా పరిశీలించదగినది.

7. ఉభయులూ విడిచినది

చిత్రంపై వచ్చిన నైతిక విమర్శ ప్రధానంగా స్మగ్లరును కథానాయకుణ్ణి చేయడం గురించి సాగింది. ఒకప్పుడు అడవులను కాపాడిన కథానాయకులుంటే ఇప్పుడు చెట్లను నరికే కథానాయకులు వస్తున్నారన్న అర్థంలో ఆంధ్రప్రదేశ్ ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ 2024 ఆగస్టులో చేసిన వ్యాఖ్య విస్తృత చర్చకు దారితీసింది. ఈ చర్చ చెట్టును, స్మగ్లరును చూసింది. ఆ రెంటి మధ్య ఉండే కూలీని చూడలేదు.

2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో జరిగిన పోలీసు కాల్పులలో 20 మంది మరణించారు. వారు తమిళనాడు నుంచి కూలికి వచ్చినవారు. వారికి ఇళ్లు ఉన్నాయి, ఇంటివారు ఉన్నారు. తొలిభాగం కనీసం ఒక కూలీ కళ్లతో మొదలైంది. రెండవభాగంలో కూలీలు గుంపుగా, సరుకు మోసే చేతులుగా, నాయకునికి జేజేలు పలికే గొంతులుగా మిగిలారు. కథ అడవి నుంచి ఇంటికి మారినపుడు కూలీ చిత్రం నుంచి జారిపోయాడు. సమీక్ష కథనవేగాన్ని లెక్కించింది. ప్రేక్షకుడు అన్నదమ్ముల కలయికకు కంటతడి పెట్టాడు. కూలీ లేకపోవడం ఎవరికీ లోటుగా అనిపించలేదు. కుటుంబగాథ విజయం వెనుక ఉన్న మూల్యం ఇది.

8. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు:

• ‘పుష్ప 2’పై విమర్శకుల, ప్రేక్షకుల స్పందనల అంతరం అభిరుచి స్థాయికి సంబంధించినది కాదు. చిత్రంలోని రెండు కథలలో దేన్ని ప్రధానంగా గ్రహించారన్నదానికి సంబంధించినది.

• ఘట్టప్రధానమైన ఆస్వాదన తెలుగు నాటక సంప్రదాయం నుంచి వచ్చినది. దాన్ని కథనైక్యత ప్రమాణంతో మాత్రమే కొలిచే సమీక్ష, తన పరిశీలనలలో సరైనదైనా అసంపూర్ణంగా మిగులుతుంది.

• గంగమ్మ జాతర ఘట్టంలో రెండు కథలూ కలిశాయి. స్పందనలు కూడా అక్కడే కలిశాయి. అయితే జాతరలోని స్త్రీకేంద్ర భావన చిత్రంలో పురుషకేంద్రంగా మారింది.

• తొలిభాగం వంశానికి ఎదురుగా నిలిపిన గుర్తింపును రెండవభాగం వంశానికే అప్పగించింది. వసూళ్ల లెక్కల్లోనూ, నిడివి చర్చలోనూ ఈ లొంగుబాటు మరుగున పడింది.

• ప్రేక్షకాదరణను వివరించే పరిశోధన టికెట్టు ధరలను, థియేటరు భద్రతను, జనసమ్మర్దంలో జరిగిన మరణాన్ని కూడా తన పరిధిలోకి తీసుకోవాలి.

‘పుష్ప 3: ది ర్యాంపేజ్’ ఉంటుందన్న ప్రకటనతో, పెళ్లిపందిట్లో జరిగిన పేలుడుతో చిత్రం ఆగింది. ఇంటిపేరు దొరికిన క్షణానే ఆ ఇల్లు కూలిపోయే ప్రమాదంలో పడింది. మూడవభాగంలో పుష్పరాజ్ ‘మొల్లేటి’ కోసం ప్రతీకారం తీర్చుకుంటాడా, తొలిభాగంలో వలె తన పేరు మీద తానే నిలబడతాడా అన్నదాన్ని బట్టి ఈ చిత్రత్రయం అంతిమంగా ఎవరి పక్షమో తేలుతుంది.